ముక్క పరీక్ష: కాలేయంలో ఓ అరుదైన కణితి



ల్యాబ్ కౌంటరు దగ్గర మాకు రోజూ వినిపించే మాట ఒకటుంది. "రక్తం పొద్దున ఇస్తే సాయంత్రానికల్లా రిపోర్టు చేతిలో పెట్టారు. ముక్క ఇచ్చి నాలుగు రోజులైంది, ఇంకా రాలేదంటారేమిటండీ?" అడిగేవాళ్ల గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. రక్తపరీక్షల్లో చాలావరకు యంత్రమే చేసేస్తుంది. ముక్క పరీక్షలో యంత్రాలు ఎన్ని ఉన్నా, చివరికి ఒక మనిషి కుర్చీలో కూర్చుని, మైక్రోస్కోపులో కళ్లుపెట్టి చూసి, ఇది ఫలానా అని తేల్చాలి. తేలకపోతే ఇంకో రంగు వేయాలి, ఇంకొకరికి చూపించాలి. ఆ నాలుగు రోజుల్లో ఏం జరుగుతుందో ఒకే ఒక్క జబ్బును పట్టుకుని చెబుతాను. దాని పేరు ఫైబ్రోలామెల్లర్ కార్సినోమా. కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో నూటికి ఒకటి కూడా ఉండదు. మా పాథాలజిస్టుల్లో చాలామందికి సర్వీసు మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే తగులుతాయి. అందుకే దీన్ని ఎంచుకున్నాను. రోజూ చూసేదాన్ని గుర్తుపట్టడంలో గొప్ప ఏముంది?

ముందు మామూలు కాలేయ క్యాన్సర్ సంగతి. మన దగ్గర లివర్ క్యాన్సర్ అనగానే డాక్టర్ల మనసులో మెదిలేది హెపటోసెల్యులర్ కార్సినోమా, పొట్టిగా హెచ్‌సీసీ. కాలేయ కణాల్లోంచే పుట్టే క్యాన్సర్ అది. చాలామందిలో దానికి ముందు ఏళ్ల తరబడి నడిచిన కథ ఒకటి ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్సో, సి వైరస్సో, మందు అలవాటో, కొవ్వు పట్టిన కాలేయమో. వాటివల్ల కాలేయం మెత్తదనం పోయి, గట్టిపడి, గడ్డలు గడ్డలుగా తయారవుతుంది. దాన్నే సిర్రోసిస్ అంటాం. ఆ చెడిపోయిన నేలలోనే క్యాన్సర్ మొలుస్తుంది. మనిషికి సాధారణంగా యాభై దాటి ఉంటాయి. రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ చాలామందిలో పెరిగి కనిపిస్తుంది. వయసు, సిర్రోసిస్, వైరస్, ఈ రక్తపరీక్ష అన్నీ ఒకే వైపు వేలు చూపిస్తాయి కాబట్టి అక్కడ పెద్ద సందిగ్ధం ఉండదు.

ఇప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒకడిని ఊహించుకుందాం. మందు ముట్టడు. హెపటైటిస్ లేదు. కొన్ని నెలలుగా కడుపులో కుడివైపు బరువుగా ఉంటోందని, అన్నం సయించడం లేదని అంటున్నాడు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకున్నారు. బిళ్లలు వాడారు. తగ్గలేదు. స్కాన్ తీస్తే కాలేయంలో అరచేయి కంటే పెద్ద గడ్డ. కామెర్లు లేవు. ఆల్ఫా ఫీటోప్రోటీన్ మామూలుగానే ఉంది. మిగతా కాలేయం నునుపుగా, ఆరోగ్యంగా ఉంది. స్కాన్ రిపోర్టులో మాత్రం 'లివర్ ఎస్‌ఓఎల్' అని రాశారు. కాలేయంలో చోటు ఆక్రమించుకున్నది ఏదో ఉందని దానర్థం, అంతకు మించి ఏమీ లేదు. ఆ మూడక్షరాలు చూసి సగం కుటుంబాలు క్యాన్సర్ అని ఏడుస్తాయి, మిగతా సగం క్యాన్సర్ అని రాయలేదు కదా అని ఊరట పడతాయి. రెండూ తొందరపాటే.

ఫైబ్రోలామెల్లర్ కార్సినోమా ఇలాంటివాళ్లకే వస్తుంది. పదేళ్ల వయసుకీ ముప్పై అయిదుకీ మధ్య ఎక్కువ. ఆడా మగా తేడా లేదు. ఎందుకు వస్తుందంటే వేలు పెట్టి చూపించడానికి ఒక అలవాటు గాని, వైరస్ గాని ఇంతవరకు దొరకలేదు. కొద్దిమంది కుర్రాళ్లలో విచిత్రంగా మొదటి లక్షణం రొమ్ములు పెరగడం. ఆ గడ్డ మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోని పిల్లవాడి విషయంలో అసలు గడ్డ ఎంత ఆలస్యంగా బయటపడుతుందో ఆలోచించండి.

ఇక్కడ బయాప్సీ, అంటే సూదితో ముక్క తీయడం, అనగానే పెద్దవాళ్లు అడ్డుపడతారు. "సూది గుచ్చితే గడ్డ రేగుతుందంట కదండీ." ఈ మాటను పూర్తిగా కొట్టిపారేయను. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం అరుదుగా జరుగుతుంది, మేమూ దాన్ని లెక్కలోకి తీసుకునే పనిచేస్తాం. సిర్రోసిస్ ఉన్న మనిషిలో గడ్డకు కాంట్రాస్ట్ మందు మొదట బాగా పట్టి తర్వాత త్వరగా వదిలేస్తే, సూది గుచ్చకుండానే స్కాన్ మీద హెపటోసెల్యులర్ కార్సినోమా అని ఖాయం చేయొచ్చు. ఆ వెసులుబాటు ముఖ్యంగా సిర్రోసిస్ ఉన్నవాళ్లకే. కాలేయం బాగున్న కుర్రాడిలో స్కాన్ ఒక్కదాన్నే నమ్మి పేరు పెట్టడం సరికాదు. కొన్నిచోట్ల సర్జన్ ఎలాగూ గడ్డ తీసేయాలనుకుంటే సూది మానేసి నేరుగా ఆపరేషన్‌కే వెళతారు. అదీ సబబే. కాని గడ్డ తీయగలమో లేదో తెలియనప్పుడు, కీమో మొదలుపెట్టే ముందు, ముక్క కావాల్సిందే.

సూదితో వచ్చేది ఎంత? ఒక మిల్లీమీటరు మందం, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడుగు. అరచేయి మించిన గడ్డ గురించి ఇంతే చూసి చెప్పాలి. ఆ ముక్క వెంటనే ఫార్మలిన్ సీసాలో పడాలి. సెలైన్‌లో వేసి పంపితే దారిలోనే కణాలు పాడవుతాయి. మన ఎండలకి మరీ త్వరగా. ఈ చిన్న పొరపాటు వల్ల రెండోసారి సూది పడ్డ రోగులున్నారు. ఫార్మలిన్‌లో కొన్ని గంటలు నానిన ముక్కలోంచి ఆల్కహాల్‌తో నీరంతా తీసేసి, జైలీన్ పట్టించి, కరిగిన మైనం ఎక్కిస్తారు. ఇదంతా రాత్రిపూట ప్రాసెసర్ యంత్రంలో నడుస్తుంది. పొద్దున్నే టెక్నీషియన్ ఆ ముక్కను మైనం దిమ్మలో కూర్చోబెడతాడు. దాన్నే బ్లాక్ అంటాం. తర్వాత మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాడు. మన తలవెంట్రుక మందంలో అది ఇరవయ్యో వంతు. కోసిన పొర రిబ్బన్‌లా వస్తుంది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. అందుకే ఆ గదిలో ఫ్యాన్ వేయరు. గోరువెచ్చని నీళ్ల మీద దాన్ని తేలేసి, ముడతలు విప్పి, గాజు పలకతో ఒడుపుగా పైకి ఎత్తుతాడు. రిపోర్టు మీద సంతకం మాది, అది సంతకం పెట్టేలా రావడం వెనకున్న చెయ్యి ఆయనది. ఆయన పేరు ఎక్కడా అచ్చవదు.

ఆ పొరకు రంగు ఉండదు. హెమటాక్సిలిన్ అనే రంగు వేస్తే కణాల కేంద్రకాలు నీలంగా తేలతాయి. మధ్య అమెరికా అడవుల్లో పెరిగే ఒక చెట్టు చేవలోంచి తీసే రంగు అది. తర్వాత ఇయోసిన్ వేస్తే మిగతాదంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. నూరేళ్లు దాటినా ప్రపంచంలో ఎక్కడైనా క్యాన్సర్ నిర్ధారణకు మొదట వేసేది ఈ రెండు రంగులే. ఎన్ని కొత్త పరీక్షలు వచ్చినా వీటిని దాటి ఎవరూ వెళ్లలేదు.

స్లైడ్ పెట్టాక ముందు తక్కువ పవర్‌లో చూస్తాం. మా దగ్గర నేర్చుకునే కుర్రవాళ్లకు ఇదే నేర్పుతాం. తొందరపడి హై పవర్‌కు పోతే కణాలు కనిపిస్తాయి గాని, వాటి పొందిక తెలియదు. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో కణాలు ఒకదాని పక్కన ఒకటి సన్నని వరసల్లో కూర్చుంటాయి. వరస మందం ఒకటి రెండు కణాలే. వరసల మధ్య రక్తం పారే సన్నని కాలువలు. అక్కడక్కడా ఒక ధమని, ఒక సిర, ఒక పైత్యనాళం జట్టుగా ఉంటాయి. సూది ముక్కలో ఒక చివర ఇలాంటి మామూలు కాలేయం చిక్కితే మాకు పండగే. ఎందుకంటే గడ్డ పక్కనున్న నేల ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది. సిర్రోసిస్ లేదని అది చెప్పేస్తే, మామూలు హెపటోసెల్యులర్ కార్సినోమా అనే ఆలోచన అక్కడే ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

ఇప్పుడు గడ్డ వైపుకు జరుగుదాం. ఈ కణితిలో కణాలు గుంపులుగా ఉంటాయి. గుంపుల మధ్యన గులాబీ రంగు నార కట్టలు, ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా, నాగలి దున్నిన చేనులో చాళ్లలా పోతుంటాయి. అవి కొల్లాజెన్ పోగులు. మాసన్ ట్రైక్రోమ్ అనే రంగు వేస్తే నీలంగా మెరుస్తాయి. ఫైబ్రోలామెల్లర్ అన్న పేరు వీటి వల్లే వచ్చింది. కాని ఈ పోగులను చూసి మాత్రమే పేరు పెట్టేస్తే బోల్తా పడతాం. నార కట్టలు ఉండే క్యాన్సర్లు ఇంకా ఉన్నాయి. మామూలు హెపటోసెల్యులర్ కార్సినోమాలోనే నార ఎక్కువగా ఉండే రకం ఉంది. పైత్యనాళాల్లో పుట్టే క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ నారతోనే వస్తుంది. పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన క్యాన్సర్ కూడా నార పోగేసుకుంటుంది. మరోవైపు అసలైన ఫైబ్రోలామెల్లర్ గడ్డలోనే కొన్నిచోట్ల పోగులు పలచగా ఉంటాయి, కొన్నిచోట్ల ఉండనే ఉండవు. సూది అలాంటి చోట గుచ్చుకుంటే పేరులో ఉన్న లక్షణమే స్లైడ్‌లో కనిపించదు.

అందుకని కణం దగ్గరకే వెళ్లాలి. ఇప్పుడు నలభై లెన్స్ తిప్పుతాం. పక్కనున్న మామూలు కాలేయ కణంతో పోలిస్తే ఈ కణం పెద్దది. పలకలు పలకలుగా, అంచులు స్పష్టంగా ఉంటుంది. లోపలంతా ముదురు గులాబీ రంగు, సన్నని రవ్వ రవ్వగా. ఆ రవ్వ ఏమిటో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద తెలిసింది. కణం నిండా కిక్కిరిసిన మైటోకాండ్రియా. కణానికి శక్తినిచ్చే ఆ చిన్న భాగాలు ఇక్కడ లెక్కకు మించి ఉంటాయి. మధ్యలో గుండ్రని పెద్ద కేంద్రకం, తెల్లబడినట్టుగా, లోపల తేటగా. ఆ తేటదనం నడుమ ఎర్రగా, కొట్టొచ్చినట్టు కనిపించే న్యూక్లియోలస్. కొన్ని కణాల్లో గులాబీ రంగు వెలిసిపోయిన గుండ్రని మచ్చ ఉంటుంది. దాన్ని పేల్ బాడీ అంటారు, అందులో ఫైబ్రినోజెన్ పేరుకుని ఉంటుంది. ఇవి అన్ని గడ్డల్లో దొరకవు. దొరికితే మాత్రం సంతోషం. అక్కడక్కడా ఆకుపచ్చ ఛాయతో పసుపు రంగు పసరు చుక్క కనిపిస్తే, ఈ కణాలు కాలేయ కణాల సంతతే అని అది ఒప్పించేస్తుంది. పసరు చేసే పని కాలేయ కణానికి తప్ప ఎవరికీ రాదు.

పెద్ద గులాబీ కణం, దానిలో ఎర్రని న్యూక్లియోలస్, చుట్టూ వరసల నార. ఈ మూడూ ఒకేచోట ఉండాలి. మూడింట్లో రెండు ఉన్నాయి కదా అని పేరు రాయడాన్ని నేను సమర్థించను.

ఇంత ప్రత్యేకంగా ఉంటే ఎప్పుడో కనిపెట్టి ఉండాలి కదా అని మీకు అనిపించొచ్చు. ఈ గడ్డను తొలిసారి విడిగా వర్ణించినది 1956లో, అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో. కాలేయ జబ్బుల పాథాలజీలో పేరున్న హ్యూ ఎడ్మండ్సన్, పిల్లల కాలేయ గడ్డల గురించి రాస్తూ పద్నాలుగేళ్ల బాలిక కేసును అందులో చేర్చారు. ఆ వర్ణన అచ్చులో పడి ఉంది. ఎవరికీ పట్టలేదు. ఇరవై నాలుగేళ్లు గడిచాయి. ఆ మధ్యకాలంలో ఎన్ని దేశాల్లో ఎంతమంది ఈ స్లైడ్లను చూసి హెపటోసెల్యులర్ కార్సినోమా అని రాసి పక్కన పెట్టి ఉంటారో ఊహించవచ్చు. 1980లో అదే ఎడ్మండ్సన్, క్రెయిగ్, పీటర్స్, ఒమాటా కలిసి 23 మంది రోగుల వివరాలు 'క్యాన్సర్' పత్రికలో ప్రచురించారు. ఇది కౌమారంలోనూ యువకుల్లోనూ వచ్చే వేరే రకమని, దీని కణాల తీరు వేరని చెప్పారు. అదే ఏడాది ఇంకో బృందం కూడా ఇలాంటి కేసులే ప్రచురించింది. అక్కడినుంచి ఈ పేరు పాఠ్యపుస్తకాల్లో నిలబడింది. స్లైడ్ మారలేదు, రంగులు మారలేదు, మైక్రోస్కోపు పెద్దగా మారలేదు. పేరు స్థిరపడ్డాకే అందరికీ కనబడటం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 వర్గీకరణలో దీన్ని హెపటోసెల్యులర్ కార్సినోమా ఉపరకాల్లో ఒకటిగా పెట్టారు. ఇంత భిన్నమైన జబ్బును ఆ గొడుగు కిందే ఉంచడం నాకు పూర్తిగా రుచించదు గాని, ఆ వాదన మాలో మేం తేల్చుకోవలసింది.

దీనితో పొరపడే వాటిలో ఒకటి క్యాన్సరే కాదు. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే గడ్డ. ఇదీ వయసులో ఉన్నవాళ్లకే వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువ. ఇదీ ఆరోగ్యమైన కాలేయంలోనే వస్తుంది. రెండింటికీ చాలాసార్లు మధ్యలో మచ్చ ఉంటుంది. స్కాన్‌లో మచ్చను చూసి ఒకదాన్ని ఇంకోటి అనుకోవడం సులువు. ఎంఆర్‌ఐ చూసే రేడియాలజిస్టులు ఒక తేడా చెబుతారు. టీ2 చిత్రంలో ఈ నిరపాయమైన గడ్డ మచ్చ తెల్లగా వెలుగుతుంది, ఫైబ్రోలామెల్లర్ మచ్చ నల్లగా ఉంటుంది. అన్నిసార్లూ ఇలాగే ఉండదని వాళ్లే అంటారు. మైక్రోస్కోపు కింద మాత్రం తేడా తెలుస్తుంది. నిరపాయమైన గడ్డలో కణాలు మామూలు కాలేయ కణాలే. మచ్చలో గోడలు మందపడ్డ రక్తనాళాలు, మచ్చ అంచున చిన్న చిన్న పైత్యనాళికలు గుంపు కడతాయి. దీన్ని చాలామందిలో ఏమీ చేయకుండా వదిలేయొచ్చు. రెండోదాన్ని వదిలేస్తే ప్రాణం పోతుంది. రెండు వైపులా తప్పుకు ఖరీదు ఉంది.

అనుమానం మిగిలితే ఇమ్యునో పరీక్షలకు వెళతాం. రిపోర్టు ఆలస్యమయ్యేది ముఖ్యంగా ఇక్కడే. అదే బ్లాకులోంచి మళ్లీ పొరలు కోసి, ఒక్కో పొర మీద ఒక్కో యాంటీబాడీ వేస్తే, కణంలో ఆ ప్రోటీన్ ఉంటే గోధుమరంగు వస్తుంది. హెప్‌పార్-1, ఆర్జినేజ్-1 అనేవి కాలేయ కణం ఉనికిని చెబుతాయి. ఈ కణితిలో రెండూ పడతాయి. కాబట్టి వేరే అవయవం నుంచి పాకింది కాదని తెలుస్తుంది. తర్వాతవి రెండు వింతైనవి. సీకే7 మామూలుగా పైత్యనాళాల కణాల్లో పడే రంగు. సీడీ68 అయితే చెత్తను మింగే రక్షక కణాల్లో పడేది, క్యాన్సర్ కణంలో దానికి పని లేదు. ఫైబ్రోలామెల్లర్ కణాల్లో మాత్రం రెండూ పడతాయి. సీడీ68 సంగతి 2011లో అచ్చులోకి వచ్చింది. కణంలో మిగులు సరుకును కరిగించే లైసోజోముల లాంటి సంచులు ఎక్కువగా ఉండటం వల్ల ఆ రంగు సన్నని చుక్కలుగా పడుతుంది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. ఈ రెండూ పడినంత మాత్రాన ఫైబ్రోలామెల్లర్ అని తేలిపోదు. మామూలు హెపటోసెల్యులర్ కార్సినోమాల్లో కొన్నిటిలోనూ పడతాయి. వీటి ఉపయోగం తిరగేసి చూస్తే తెలుస్తుంది. రెండూ పడకపోతే, నేను రాయబోయిన పేరును ఆపి మళ్లీ స్లైడ్ పెట్టుకోవాలి. ఒక పరీక్ష ఔననడానికి ఎంత పనికొస్తుందో, కాదనడానికి ఎంత పనికొస్తుందో వేర్వేరుగా తెలిసి ఉండాలి. రిపోర్టులో 'పాజిటివ్' అన్న మాట చూసి గూగుల్ చేసే కుటుంబాలకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

2014 వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయం నుంచి 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 15 గడ్డలు తీసుకుని, ఒక్కొక్కదాన్ని అదే రోగి మామూలు కాలేయంతో పోల్చి చూశారు. పదిహేనింటిలోనూ ఒకే తప్పు. పంతొమ్మిదో క్రోమోజోములో దాదాపు నాలుగు లక్షల అక్షరాల డీఎన్ఏ ముక్క తెగిపోయింది. దానికి అటూ ఇటూ ఉన్న రెండు జన్యువులు, డీఎన్ఏజేబీ1, పీఆర్‌కేఏసీఏ, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రెండోది కణంలో ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు. మామూలు కాలేయ కణంలో దానికి పగ్గం ఉంటుంది. ఈ అతుకు పడ్డాక పగ్గం ఊడిపోయి, ఎంజైమ్ ఎక్కువగా తయారై, ఆగకుండా పనిచేస్తుంది.

ఆ వ్యాసం రాసినవాళ్లలో ఒకామె పన్నెండేళ్ల వయసులో ఇదే క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయి. హైస్కూల్లో ఉండగానే తండ్రి ల్యాబ్‌లో ఈ పని మీద కూర్చుంది. ఇంత అరుదైన జబ్బులో పరిశోధకులకు మొదటి అడ్డంకి గడ్డలు దొరకకపోవడమే. రోగులు ఎక్కడెక్కడో ఉంటారు, ఒకరికొకరు తెలియరు. ఆ రోగులే ముందుకొచ్చి తమ గడ్డలను ఇవ్వకపోతే ఆ పదిహేను కూడా చేరేవి కావు.

ఇప్పుడు ఈ అతుకును పట్టుకోవడానికి ఫిష్ పరీక్ష ఉంది. జన్యువు రెండు కొసల మీద ఎర్ర రంగు, పచ్చ రంగు చుక్కలు అంటిస్తారు. మామూలు కణంలో రెండూ ఆనుకుని ఉంటాయి. అతుకు పడ్డ కణంలో విడిపోయి కనిపిస్తాయి. మైనం బ్లాకులోంచే చేయొచ్చు, కొత్తగా సూది అక్కర్లేదు. అన్ని ఊళ్లలో జరగదు, పెద్ద నగరాల్లోని ల్యాబులకు పంపాలి, డబ్బూ అవుతుంది. అందువల్ల మూడు గుర్తులూ స్పష్టంగా ఉండి, ఇమ్యునో కూడా కలిసొచ్చినప్పుడు ప్రతి రోగినీ దాని కోసం ఇబ్బంది పెట్టాలని నేను అనను. సందేహం ఉన్నప్పుడు మాత్రం ఆ ఖర్చుకు వెనకాడకూడదు.

కొంతకాలం మాలో చాలామంది ఇక జన్యువు దొరికింది, మైక్రోస్కోపుతో ఏం పని అన్నారు. 2020లో అదే అతుకు క్లోమంలోనూ, పైత్యనాళాల్లోనూ పుట్టే ఇంకో రకం కణితుల్లో బయటపడింది. ఆ కణాలూ మైటోకాండ్రియాతో నిండి గులాబీగానే ఉంటాయి. కాని అవి నాళాల లోపల వేళ్లలా పెరుగుతాయి, హెప్‌పార్ మీద ఆధారపడి వాటిని కాలేయ కణాలనుకోవడానికి లేదు. దాంతో జన్యువు అతుకు కూడా ఒక సాక్షే గాని తీర్పు కాదని తెలిసొచ్చింది. మళ్లీ స్లైడ్ దగ్గరకే రావలసి వచ్చింది. నాకైతే ఆ రోజు లోలోపల కొంచెం సంతోషం వేసిందని చెప్పడానికి మొహమాటం లేదు.

ఇంత తిప్పలు ఎందుకు, క్యాన్సర్ అని తెలిసింది కదా అంటారు కొందరు. పేరు వల్ల వైద్యం మారుతుంది. ఈ గడ్డకు ఆధారం సర్జరీయే. కాలేయంలో మిగిలినది ఆరోగ్యంగా ఉంటుంది కాబట్టి, సిర్రోసిస్ రోగిలో ధైర్యం చేయలేనంత పెద్ద భాగాన్ని ఇక్కడ తీసేయొచ్చు. మిగిలిన కాలేయం మళ్లీ పెరుగుతుంది. ఇది లింఫ్ గ్రంథులకు పాకే అలవాటు ఉన్న క్యాన్సర్, కాబట్టి పేరు ముందే తెలిస్తే సర్జన్ ఆ గ్రంథులను కూడా తీయడానికి సిద్ధపడి వెళతాడు. మళ్లీ వచ్చినా మళ్లీ ఆపరేషన్ చేయడం ఇందులో ఉంది. అందుకే ఏళ్ల తరబడి స్కాన్లు తీయించుకుంటూ ఉండాలి. ఇంకొకటి, కొద్దిమందిలో రక్తంలో అమోనియా ఒక్కసారిగా పెరిగి మనిషి తికమకపడతాడు, మగతగా అయిపోతాడు. కాలేయం బాగానే పనిచేస్తుంటే ఇలా ఎందుకు అవుతోందని వార్డులో తల పట్టుకుంటారు. రిపోర్టులో ఈ పేరు ఉంటే డ్యూటీ డాక్టరు ముందుగానే అమోనియా పరీక్ష చేయిస్తాడు.

మాకు ముక్కతో పాటు ఒక కాగితం వస్తుంది. దాని మీద వయసు, మిగతా కాలేయం ఎలా ఉంది, హెపటైటిస్ పరీక్షలు ఏమొచ్చాయి, ఆల్ఫా ఫీటోప్రోటీన్ ఎంత, స్కాన్‌లో మచ్చ ఉందా అన్నవి రాయాలి. చాలా కాగితాల మీద ఉండేది 'లివర్ ఎస్‌ఓఎల్, హెచ్‌సీసీ?' అన్న ఒక్క ముక్కే. వయసు గడి కొన్నిసార్లు ఖాళీ. అరవై ఏళ్ల మనిషి ముక్క అనుకుని చూస్తే గులాబీ కణాలు మామూలు క్యాన్సర్‌లో ఒక తీరుగా కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల ముక్క అని తెలిస్తే అవే కణాలు నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెడతాయి. స్లైడ్‌లో ఉన్నదాన్ని బట్టే చెప్పాలి, ముందు ఏమీ తెలియకూడదు అనే పాథాలజిస్టులు ఉన్నారు. వాళ్ల వాదన పరీక్ష హాల్లో బాగుంటుంది. రోగి విషయంలో నేను ఒప్పుకోను. ఆ కాగితం నిండుగా రాయించుకోవడం రోగి తరఫువాళ్లు కూడా అడిగి చేయించుకోవచ్చు. "డాక్టరు గారూ, స్కాన్ కాపీ కూడా ముక్కతో పంపుతారా?" అని అడగడానికి ఎవరికీ భయపడనక్కర్లేదు.

ఇక సెకండ్ ఒపీనియన్. కాలేయం బాగున్న యువకుడికి లివర్ క్యాన్సర్ అని రిపోర్టు వస్తే, వైద్యం మొదలయ్యే ముందు స్లైడ్లు ఇంకొకరికి చూపించడం మంచిది. మొదట చూసినవారిని అవమానించినట్టు కాదు. మేమే ఒకరి స్లైడ్లు ఒకరం చూసుకుంటాం. అయితే చాలామంది రిపోర్టు కాగితం జిరాక్స్ తీసుకుని వెళతారు. దానితో పనిలేదు. కాగితం మీద ఉన్నది మొదటివారి మాట, రెండోవారికి కావలసింది ముక్క. స్లైడ్లతో పాటు మైనం బ్లాక్ కూడా అడగండి. కొత్త రంగులు వేయాలన్నా, ఫిష్ చేయాలన్నా అదే ఆధారం. మొదటి ల్యాబులో రాతపూర్వకంగా అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. పని అయ్యాక తిరిగి ఇచ్చేయండి, రెండేళ్ల తర్వాత గడ్డ మళ్లీ వస్తే పోల్చుకోవడానికి అది కావాలి.

తీసుకెళ్లేటప్పుడు స్లైడ్లను ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, కదలకుండా దూది కుక్కండి. బ్లాకును చిన్న కవర్లో వేసి పేరు, నంబరు రాయించుకోండి. ఆ మైనం అరవై డిగ్రీల లోపే కరిగిపోతుంది. వైశాఖ మాసంలో కారు డ్యాష్‌బోర్డు మీద గాని, బండి సీటు కింద పెట్టెలో గాని పెట్టి, భోజనానికని ఎండలో బండి ఆపి వెళ్లకండి. చేతిసంచిలో, మీతోపాటే ఉంచుకోండి.